గడప లేని మదర్సా

పోయిన వారం సూర్యకళను జహీరాబాద్ దాటాక ఒక టీ కొట్టు ముందు వదిలిపెట్టి వచ్చాం. ఒక చేతిలో గాజు గ్లాసు, ఇంకో చేతిలో నోట్సు కాగితాలు. చూపు మాత్రం బస్సులో పదిహేడో నంబరు సీటు మీద. ఆ సీట్లో తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోపాలరావు అనే స్నేహితుడి పేరు మీద టికెట్ తీసుకుని, దొంగలా ముడుచుకు కూర్చున్నవాడు పరాయివాడు కాదు. ఆమె మొగుడే, మురళీధర్.

సొంత పెళ్ళాంతో ప్రయాణం చెయ్యడానికి దొంగవేషం దేనికంటే, ఆషాఢం వచ్చింది. పెళ్ళయి మూడు నెలలు నిండాయో లేదో, అత్తాకోడళ్ళు ఈ నెల ఒకే గడప దాటకూడదని, అల్లుడు అత్తారింటి గుమ్మం తొక్కకూడదని పెద్దవాళ్ళు ఆమెను నాచారం నుంచి ఉప్పల్‌లోని పుట్టింటికి పంపించేశారు. నాచారానికీ ఉప్పల్‌కీ మధ్య ఉన్నది ఒక్క హబ్సిగూడ. సిటీ బస్సులో పావుగంట. ఆ పావుగంట దూరం ఒక్క నెలకి అడవి అయిపోయింది.

అయితే సూర్యకళ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. హిస్టరీ ఎమ్మే చదివింది. ఉప్పల్ చౌరస్తా నుంచి ప్రతి ఆదివారం బీదర్‌కి టూరిస్టు బస్సు నడిపే రాజయ్యకు గైడు కావాల్సి వచ్చినప్పుడు ఆమె పేరే వినబడింది. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన మామగారు జనార్ధనరావు పేపరు మడిచి పక్కన పెట్టి, "మనింటి కోడలు రోడ్డు మీద నిలబడి పదిమందికి అరిచి చెప్పే పని చెయ్యదు" అన్నారు. అత్తగారు తారామణి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆవిడ ఏమీ అనకపోతే రెండుసార్లు అన్నట్టు.

ఆషాఢం మొదటి రోజున పెట్టె సర్దుకుంటుంటే సూర్యకళకు ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. ఈ నెల తను ఆ ఇంట్లో ఉండకూడదు కదా. ఉండనప్పుడు ఆ ఇంటి మాట ఎవరు వినాలి?

అలా వచ్చింది ఈ ఆదివారం. ఇన్నాళ్ళూ గైడుగా వస్తున్న సీతారామయ్య సారుకి కామెర్లు. రాజయ్య ఒక్క మాట అన్నాడు. "ఇయ్యాల చెప్పి చూడు బిడ్డా. మంది బాగుందంటే ఇగ ప్రతి ఐతారం నీదే. బాగలేదంటే సార్ కామెర్లు తగ్గంగనే ఆయనే వస్తడు." 

ఇక చదవండి.

*

మలుపు తిరగ్గానే మీనారు కనిపించింది.

సూర్యకళ డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. చెప్పాల్సిన మొదటి వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఆమె చదివిన పుస్తకంలో ఈ మీనారు బొమ్మ పోస్టు బిళ్ళంత ఉండేది, బూడిద రంగులో. పరీక్షలో దీని మీద పది మార్కుల ప్రశ్న రెండుసార్లు రాసింది. కట్టించినది మహమూద్ గవాన్, బహమనీ సుల్తానుల వజీరు, సంవత్సరం పద్నాలుగు వందల డెబ్బై రెండు. అన్నీ రాసింది. ఇది నీలమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మామూలు నీలం కాదు. నీలం, ఆకుపచ్చ, మధ్యమధ్య తెలుపు, పలకలన్నీ మెలికలు మెలికలుగా మీనారు చుట్టూ పైకి పాకుతున్నాయి. చాలాచోట్ల రాలిపోయాయి. మిగిలినవి మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి వచ్చినట్టున్నాయి. ఈ సంగతి వెంటనే ఎవరికైనా చెప్పాలి, లేకపోతే తనకేదో అయిపోయేట్టుంది. మెల్లగా తల తిప్పి పదిహేడో సీటు వైపు చూసింది. నల్ల కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. పైన మురళీధర్ కళ్ళు, కింద తెరుచుకున్న నోరు. అతనూ చూశాడు. అంతే, ఆమె ప్రాణం కుదుటపడింది.

"ఏంది బిడ్డా," అంది ముందు సీట్లోంచి వెంకటనర్సమ్మ. నాచారం మందుల ఫ్యాక్టరీలో మాత్రలు ప్యాకింగు చేసే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్దదిక్కు. నలభై టికెట్లూ ఆమె మాట మీద తెగినవే. "నర్సింహసామి గుహకు కొంచవోతమని చెప్పి మజీదు కాడ ఆపినవ్?"

"మజీదు కాదు పెద్దమ్మా. బడి."

"బడా? బడిని జూసుడేంది. మా ఊళ్ళె బడి ఉన్నది, దానికి పైకప్పు లేదు."

"దీనికి ముంగటి గోడే లేదు. జర దిగి చూడున్రి."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులోనే దిగారు అందరూ, టిఫిన్ డబ్బాలతో, నీళ్ళ క్యానులతో. పదిహేడో సీటు అందరికంటే ఆఖర్న దిగి, ఎడంగా నడిచి, మూల మెట్ల వైపు పోయి పైఅంతస్తులోకి మాయమైంది.

లోపల పెద్ద చదరపు ముంగిలి. చుట్టూ మూడంతస్తుల గదులు, ప్రతి గదికీ కమాను. సూర్యకళ ముంగిలి మధ్య నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదటి మాట ఎదుటి గోడకు తగిలి ఆమె దగ్గరికే తిరిగి వచ్చింది. తన గొంతు తనకే ఇంత పెద్దగా ఎప్పుడూ వినబడలేదు. ఆ చప్పుడు ఎంత బాగుందో.

"ఇది ఐదు వందల ఏండ్ల కిందటి కాలేజీ. ఇరాన్ దిక్కు నుంచి వ్యాపారానికి వచ్చిన మనిషి ఇక్కడ వజీరయిండు. ఆయన కట్టించిండు. పిలగాండ్లకు తిండి, బట్ట, ఉండే అర్ర, చదువు, అన్నీ ఉట్టిగనే. మూడువేల పుస్తకాలు ఉండేవని చెప్తరు, అన్ని చేత్తో రాసినవే. ఎండకాలం గూడ ఈ అర్రలల్ల ఉక్క వొయ్యదు. పోయి నిలబడి చూడున్రి."

వెంకటనర్సమ్మ నిజంగానే ఒక గదిలోకి వెళ్ళి నిలబడి, చెంగు తీసి మెడ తుడుచుకుని, "సల్లగున్నది" అని తీర్పు చెప్పింది. దాంతో ప్యాకింగు సెక్షన్ మొత్తం గదుల్లోకి దూరింది.

"మరి ముంగటి గోడ ఏమయింది?" అని ఎవరో అడిగారు.

"పేలిపోయింది. మూడొందల ఏండ్ల కింద ఈ ఊరు గెలిచినోళ్ళ కాలంల, బడిల మందుగుండు దాచిన్రు. ఒకనాడు అంటుకున్నది. ఇటు మీనారు, పెద్ద దర్వాజ, సగం ముంగటి కట్టడం అన్ని పోయినయి."

"సదువుకునే కాడ మందుగుండు పెట్టిన్రా?" వెంకటనర్సమ్మ గదిలోంచి తల బయటపెట్టింది. "ఎవ్వడాడు?"

జవాబు చెప్పబోతూ సూర్యకళ రోడ్డు వైపు చూసింది. తెల్ల మెటడార్ వ్యాను ఒకటి వచ్చి వాళ్ళ బస్సు పక్కనే ఆగింది. దాని అద్దానికి కట్టిన గుడ్డ మీద 'మహిళా భజన మండలి, రైల్వే క్వార్టర్స్, మౌలాలి' అని ఉంది. మొదట దిగినావిడ జుట్టు తడితడిగా ముడి వేసుకుంది. చేతిలో తడిబట్టల మూట. పసుపు రంగు వెంకటగిరి చీర.

ఆ చీరకి ఫాల్ కుట్టింది సూర్యకళే.

*

పారిపోవాలనిపించింది ముందు. అబద్ధం ఎందుకు. రెండు క్షణాలపాటు కాళ్ళు వెనక గదుల వైపే తిరిగాయి. యాదగిరిగుట్టకు వెళ్తోందని మురళీధర్ చెప్పిన అత్తగారి భజన మండలి ఇక్కడికెందుకు వచ్చింది, గుహలో నడుంలోతు నీళ్ళలో దర్శనం కూడా చేసుకుని ఇటెందుకు వచ్చింది అని తల గిర్రున తిరిగింది. ఆ తర్వాత నలభై మొహాలు కనిపించాయి, తన వైపే చూస్తూ. కాళ్ళు వెనక్కి వచ్చాయి.

తారామణి నడుచుకుంటూ వచ్చి, ఒకప్పుడు పెద్ద తలుపు ఉన్నచోట గడ్డిలో మిగిలిన రాళ్ళ వరుస దగ్గర ఠక్కున ఆగిపోయింది. ఆవిడ చూసింది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచదు.

"అక్కడే ఉండు. ఇటు రాకు. నేనూ అటు రాను."

"అత్తయ్యా, నమస్కారం."

"నమస్కారాలు తర్వాత. మీ అమ్మగారింట్లో ఉన్నావనుకున్నాను."

"ఉన్నానండీ. ఇయ్యాల ఒక్కరోజు." 

"మీ మామయ్య వద్దన్న పని."

"మీ ఇంట్లో ఉన్నప్పుడు వద్దన్నరు. ఈ నెల నేను మీ ఇంట్లో లేను కదా."

"ఎమ్మే చదివావనుకున్నాను. ప్లీడరీ కూడా చదివావా?"

మూడు నెలలుగా నాచారం ఇంట్లో సూర్యకళ నాలుక మీద కాపలా పెట్టుకుని మాట్లాడింది. 'అత్తమ్మా' అని వచ్చేదాన్ని 'అత్తయ్యా' అని దిద్దుకుంది. 'ఏంది' అన్నప్పుడల్లా మామగారు పేపరు పైనుంచి చూసేవారు. ఆ కాపలా ఇప్పుడు ఎటో పోయింది.

తారామణి ఒకసారి వెనక్కి వ్యాను వైపు చూసుకుని, గొంతు ఇంకా తగ్గించింది. "చూడు. వ్యాన్లో ఛాయాదేవి ఉంది. సీటు కింద చెప్పులు వెతుక్కుంటోంది. అది దిగిందంటే రేపు పొద్దుటికి మౌలాలి నుంచి లాలాగూడా దాకా తెలుస్తుంది. పెళ్ళికి రాలేదు కాబట్టి నీ మొహం తెలీదు. వెళ్ళి ఆ వెనక గదుల్లో కూర్చో. పావుగంటలో మేం వెళ్ళిపోతాం. నేను నిన్ను చూడలేదు, నువ్వు నన్ను చూడలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పను. ఒట్టు."

ఇది బెదిరింపు అయితే బాగుండేది. తారామణి మొహంలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. పావుగంట. చల్లటి గదిలో, పైన మెట్ల మీద మురళీధర్ పక్కన కూర్చుంటే పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

"నేను దాక్కుంటే వీళ్ళకు ఎవరు చెప్తరు?"

"ఆ డ్రైవరు చెప్తాడు."

"నాకేం తెల్వదమ్మా," అన్నాడు బీడీ వెలిగించుకుంటున్న రాజయ్య. "నేనెప్పుడు బయటనే ఉంట."

"వినిపించింది కదండీ," అంది సూర్యకళ. "వీళ్ళు వారానికి ఒక్కరోజు సెలవు దొరికితే వచ్చిన్రు. నేను చెప్తానని వచ్చిన్రు. అర్రల దాక్కోను అత్తయ్యా. నేనేం తప్పు చెయ్యలె."

"తప్పని నేనన్నానా? ఆషాఢం అన్నాను. ఒకే గడపకి ఇటు నేను, అటు నువ్వు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏ గడప?" సూర్యకళ రాళ్ళ వరుస వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడే వీళ్ళకు చెప్తున్న. ఉన్న దర్వాజ మూడొందల ఏండ్ల కింద పేలిపోయింది. ఈ బడికి గడప లేదు. మీరు అటు లేరు, నేను ఇటు లేను. అంతా ఒకటే జాగ."

"గడప చెక్కలో ఉంటుందా?" అంది తారామణి. "నా మొదటి ఆషాఢం ఏలూరులో గడిచింది. మీ మామయ్య కాజీపేటలో ఉన్నారు. ఆ నెల ఆయన రాసిన ఉత్తరం విప్పడానిక్కూడా మా అమ్మని అడిగాను. ఆవిడ విప్పి, చదివి, తర్వాత నాకిచ్చింది. నాకు తెలీదనుకున్నావా ఇదెంత కష్టమో? తెలిసే చెప్తున్నాను. వెళ్ళి కూర్చో."

సూర్యకళకు నిజంగా జాలేసింది. ఇరవయ్యేళ్ళ తారామణి, ఇంకొకరు చదివేసిన ఉత్తరం చేతిలో పట్టుకుని. ఆ జాలితో ఒక్క అడుగు వెనక్కి వేసిందంటే ఇక ఆగలేనని కూడా తెలిసింది.

"నేను అడగను అత్తయ్యా," అంది మెల్లగా. "నా ఉత్తరం నేనే విప్పుకుంట."

వ్యాను తలుపు దబ్బుమని మూసుకుంది. చెప్పులు దొరికినట్టున్నాయి. బంగారు ఫ్రేము కళ్ళద్దాల ఛాయాదేవి చకచకా వచ్చి తారామణి భుజం పక్కన నిలబడింది.

"ఎవరే తారామణీ ఈ పిల్ల? నీతో ఏదో గట్టిగా మాట్లాడుతోంది?"

తారామణి మూటని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నీళ్ళు కారి గడ్డి మీద పడ్డాయి.

"ఎవరో గైడు అట," అంది. "నాకు తెలీదు."

*

ఎవరో గైడు. 

మూడు నెలల నుంచి ఆవిడకు పొద్దున్నే కాఫీ ఇచ్చింది. చక్కెర ఒకటిన్నర చెంచా, నురగ లేకుండా. మోకాళ్ళకు నూనె రాసింది. నాకు తెలీదు. సూర్యకళకు కళ్ళు మండాయి. ఏడిస్తే మాత్రం ఈ ఆదివారం పోతుంది, దాంతో పాటే అన్ని ఆదివారాలూ పోతాయి. వెనక్కి తిరిగి, ముంగిలి నడిమధ్యకు నడిచి, ఇందాకటి కంటే ఒక మెట్టు పైగొంతులో అందుకుంది. ఎదుటి గోడ మళ్ళీ ఆ గొంతును తిరిగి ఇచ్చింది.

"ఇది కట్టిన మనిషికి ఏమయిందో చెప్త, వినున్రి. ఆయన మీద కండ్లు మండినోళ్ళు దర్బారుల మస్తుమంది ఉండిరి. పరాయి దేశం నుంచి వచ్చినోడు మా మీద పెత్తనం చేసుడేందని. ఆయన ముద్ర ఎవరి చేతుల ఉంటదో ఆ మనిషిని పట్టిన్రు. తాగబోసి ఖాళీ కాయితం మీద ముద్ర కొట్టిచ్చిన్రు. తర్వాత దాని మీద వాళ్ళే రాసుకున్నరు, వజీరు శత్రురాజుతోటి కలిసిండని."

గదుల్లోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. మంచినీళ్ళ క్యాను మూత తిప్పుతున్నామె తిప్పడం ఆపేసింది.

"సుల్తాను ఆయనను పిలిచి, రాజద్రోహికి ఏం శిక్ష అని అడిగిండు. చావే అన్నడు ఈయన. అప్పుడు కాయితం చూపిచ్చిండు. అప్పటికి ముసలాయన, డెబ్బై దాటినయి. చూసి ఏమన్నడో తెలుసా? ముద్ర నాదే, రాత నాది కాదు అన్నడు."

"ఇన్నడా ఆ రాజు?" అంది వెంకటనర్సమ్మ.

"వినలె. అప్పుడే తల తీపిచ్చిండు."

"థూ," అంది వెంకటనర్సమ్మ. పైన కమానుల్లో పావురాలు మసలుతున్నాయి.

ఈలోగా ఒక విచిత్రం జరుగుతోంది. భజన మండలి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాళ్ళ వరుస దాటి లోపలికి వచ్చేస్తున్నారు. మొదట ఇద్దరు, వినబడటం లేదని. తర్వాత నలుగురు. చివరికి ఛాయాదేవి కూడా, కొంగు నడుముకు చుట్టి, ముందు వరుసలోకి. వెలుపల ఎండలో తారామణి ఒక్కతే మిగిలింది, తడిమూటతో.

"ఓ పసుపుచీరమ్మా," అని వెంకటనర్సమ్మ కేకేసింది. "ఎండల నిలవడ్డవేంది? లోపటికి రా, మస్తు సల్లగున్నది."

"పర్లేదు," అంది తారామణి. "నేను ఇక్కడే బాగున్నాను."

"మొక్కు గిట్ల ఉన్నదేమో తియ్యి," అని వెంకటనర్సమ్మే సమాధానపడింది.

ఛాయాదేవి మాత్రం సూర్యకళను నఖశిఖపర్యంతం చూస్తోంది. కాళ్ళకు కొత్త మెట్టెలు, మెడలో ఇంకా పసుపు వాసన పోని తాడు. "బాగా చెప్పావమ్మాయ్," అంది. "కొత్తగా పెళ్ళయినట్టుందే. ఏ ఊరిచ్చారు?"

"నాచారమండీ."

"నాచారమా? మా తారామణి వాళ్ళదీ నాచారమే. ఎవరి కోడలివి?"

సూర్యకళ రాళ్ళ వరుస వైపు చూసింది. తారామణి ఆమెనే చూస్తోంది. చెప్పమనీ అనలేదు, చెప్పవద్దనీ అనలేదు. మూట మీద వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. ఒక్క పేరు చాలు. ఇందాకటి 'నాకు తెలీదు' అందరి ముందూ అబద్ధమైపోతుంది. చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఉండటానికి మనసు ఒప్పలేదు.

మూలమెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తెల్ల టోపీ ఒకటి దిగి వచ్చింది. ముంగిలి మధ్యకు వచ్చి టోపీ తీసింది. నల్ల కళ్ళద్దాలు తీసింది.

"మా అమ్మ కోడలేనండీ, పిన్నిగారూ," అన్నాడు మురళీధర్. "మా ఆవిడ. సూర్యకళ." 

"మురళీ?" ఛాయాదేవి కళ్ళద్దాలు సవరించుకుంది. "ఫ్యాక్టరీలో ఏదో డ్యూటీ అని మీ అమ్మ..."

"అబద్ధం చెప్పానండి. అమ్మకి నేను చెప్పాను, మీకు అమ్మ చెప్పింది. నాదే తప్పు."

"ఓర్నీ, సీటు పదిహేడు," అని వెంకటనర్సమ్మ చేతులు చరిచింది. "పొద్దటి సంది ఈ పిలగాడు మన గైడు బిడ్డను ఒకటే సూసుడు. జహీరాబాద్ కాడ పిలిచి నాలుగు వెడ్తమనుకున్న. మొగుడా నువ్వు?"

ప్యాకింగు సెక్షన్ పడీపడీ నవ్వింది. భజన మండలి కూడా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుంది. మురళీధర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వచ్చి సూర్యకళ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. పదమూడు రోజుల తర్వాత ఇంత దగ్గరగా. ఇస్త్రీ బట్టల వాసన, ఫ్యాక్టరీ సబ్బు వాసన. ప్రపంచం కూలిపోతున్నా ఆ వాసన బాగుందనిపించింది ఆమెకు.

తారామణి రాళ్ళ అవతలి నుంచే అడిగింది. "ఉప్మా కట్టిచ్చాను డ్యూటీకని. తిన్నావా?"

"తిన్నాం అమ్మా," అన్నాడు మురళీధర్. "ఇద్దరం."

*

రాజయ్యకు ఒక పద్ధతి ఉంది. బస్సు తిరుగుముఖం పట్టకముందే ప్యాసింజర్ల చేత ఒక పొడుగాటి నోటుబుక్కులో నాలుగు మాటలు రాయిస్తాడు. గుహలోకి వెళ్ళి వచ్చాక అందరి చేతులూ తడిగా ఉంటాయని మదర్సా దగ్గరే ఆ పని కానిచ్చేస్తాడు. ఇవాళ బుక్కు చేతులు మారుతూనే ఉంది. 'మేడం మంచిగ చెప్పిన్రు' అని ఒకరు రాశారు. 'మల్లొకసారి వస్తం' అని ఇంకొకరు. రాయడం రాని వెంకటనర్సమ్మ పక్కామె చేత రాయించింది, ఒక్కో మాటా చెప్పి, మళ్ళీ చదివించుకుని. ఛాయాదేవి ఏకంగా ఆరు పంక్తులు రాసి కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది.

"సార్ ఉన్నప్పుడు గిన్ని రాయలె," అన్నాడు రాజయ్య పేజీలు తిప్పుతూ. ఆ మాటతో సూర్యకళ కాలివేళ్ళ దాకా వెచ్చబడింది. ప్రతి ఆదివారం ఈ నీలం. ప్రతి ఆదివారం ఈ గోడ తిరిగి ఇచ్చే గొంతు.

"ఆ పుస్తకం ఇటివ్వండి," అంది తారామణి.

రాజయ్య వెళ్ళి ఇచ్చాడు. ఆవిడ తడిమూట మీద బుక్కు ఆనించుకుని, నిలబడే, తొందర లేకుండా రాసింది. రాసింది ఒకసారి చదువుకుంది. మూసి రాజయ్య చేతికే ఇచ్చి, ఎవరి వైపూ చూడకుండా వ్యానెక్కి ముందు సీట్లో కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు కూడా ఎక్కారు, ఛాయాదేవి నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ.

రాజయ్య ఆ పేజీ దగ్గరగా, మళ్ళీ దూరంగా పెట్టి చూశాడు. మొహం మారింది. "గిదేందో నువ్వే సదువు బిడ్డా."

రాత నిలువుగా, పొందికగా, నీలం సిరాలో ఉంది.

'ఈ అమ్మాయి సూర్యకళ. మా కోడలు. చాలా చక్కగా చెప్పింది. అయితే మా ఇంటి పెద్దల అనుమతి లేకుండా వచ్చింది. కనుక ఇకపై ఆదివారాలు ఈమెను పిలవవద్దని మనవి. తారామణి, నాచారం.'

మా కోడలు. ఆ రెండు మాటల దగ్గర సూర్యకళ గుండె ఎగిరింది. చాలా చక్కగా. అక్కడ ఇంకొంచెం ఎగిరింది. తర్వాతి వాక్యం దగ్గర ధబ్బున కింద పడింది.

"నాకు ఇండ్లల్ల లొల్లి వద్దు బిడ్డా," అన్నాడు రాజయ్య నేల చూపులు చూస్తూ. "పెద్దమనిషి, సంతకం జేసి ఇచ్చింది. రేపు మీ మామ నా బస్సు కాడికి వస్తే నేనేం చెప్పాలె?"

మురళీధర్ ఏదో అనబోయాడు. సూర్యకళ అతని మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది.

"రాజయ్యన్నా, ఈ బుక్కుల ఎవ్వరన్న రాయొచ్చు కదా?"

"రాయొచ్చు. ఎవరు వద్దన్నరు."

"అయితే పెన్ను ఇయ్యి."

వ్యాను ఇంజను స్టార్టయింది. సూర్యకళ చీర కుచ్చిళ్ళు ఎడం చేత్తో పట్టుకుని, రాళ్ళ వరుస మీదుగా ఒక్క అంగలో దాటి, తిన్నగా వెళ్ళి మెటడార్ ముందు నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె జరగలేదు. మళ్ళీ కొట్టాడు. బానెట్ అప్పుడే కాలుతోంది. దాని మీద నోటుబుక్కు పరిచి, ఆ పేజీయే తెరిచి, అత్తగారి సంతకం కింద మిగిలిన జాగాలో పెన్ను ఆనించింది.

వెనక నాచారం ఆడవాళ్ళందరూ రాళ్ళ వరుస దాకా వచ్చి నిలబడ్డారు.

అద్దం వెనక తారామణి మొదట మొహం పక్కకు తిప్పుకుంది. పెన్ను ఆగకుండా కదులుతూనే ఉంది. రెండో పంక్తి దగ్గర ఆవిడ చూపు తిరిగి వచ్చింది. మూడో పంక్తి దగ్గర సీట్లో ముందుకు జరిగింది. అక్షరాలు ఆవిడకు తలకిందులుగా కనిపిస్తున్నాయి, ఒకటీ అరా తప్ప తెలియడం లేదు. 

నాలుగో పంక్తి మొదట్లో తన పేరు మాత్రం తెలిసింది. దాని పక్కనే 'ఏలూరు' అని ఉంది. తారామణి డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "ఇంజను ఆపు బాబూ," అంది.